ఆరు వేల రూపాయల తుపాకీ

వైశాఖ మాసం. రాత్రి రెండు గంటలు దాటింది. జంషెడ్‌పూర్‌లో సువర్ణరేఖ వంతెనకు ఆవలి ఒడ్డున ఉన్న మాంగోలో, ఒక చిన్న డాబా ఇంటి పెరటి గడప మీద అరవై ఆరేళ్ళ పెద్దమనిషి ఒకరు కదలక మెదలక కూర్చుని ఉన్నారు. ఆయన ఒడిలో కొత్త ఎయిర్ రైఫిలు. పదిహేను అడుగుల దూరంలో, తులసికోట పక్కన, ఎర్ర కాగితం చుట్టిన టార్చి వెలుగులో ఒక మట్టికుప్ప కనిపిస్తోంది. ఆ కుప్ప వెనుకనుంచి ముందుగా ఒక ముక్కు, తరువాత మిలమిల మెరిసే రెండు కళ్ళు బయటికి వచ్చాయి.

చీమను, దోమను తప్ప తెలిసి తెలిసి మరే ప్రాణినీ చంపి ఎరుగని ఆ మనిషి తుపాకీ ఎత్తారు.

ఆయన ఆ గడప దాకా ఎలా వచ్చారో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

వంటింటి గోడలో బీట

జంషెడ్‌పూర్‌కు తెలుగువారి వలస ఈనాటిది కాదు. 1907లో టాటా ఉక్కు సంస్థ ఏర్పడి, సాక్చి గ్రామం వద్ద కర్మాగారం వెలసిన తరువాత శ్రీకాకుళం, విజయనగరం, గంజాం ప్రాంతాల నుంచి ఎందరో బ్రతుకుతెరువు వెతుక్కుంటూ అక్కడికి చేరారు. 1919లో ఆ ఊరికి జంషెడ్‌పూర్ అన్న పేరు వచ్చేనాటికే అది అనేక భాషల వారికి ఇల్లయింది. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం, కదమాలోని ఆంధ్ర అసోసియేషన్ ఆ వలసకు నేటికీ నిలిచి ఉన్న గుర్తులు.

మన పెద్దమనిషి టెక్కలి దగ్గరి పల్లె నుంచి 1979లో, ఇరవయ్యేళ్ళ ప్రాయంలో, అప్రెంటిసుగా వచ్చారు. నలభై ఏళ్ళు ఇనుముతోనూ నూనెతోనూ గాలి గొట్టాలతోనూ కాపురం చేసి, ఫిట్టర్ ఫోర్‌మన్‌గా 2019లో పదవీ విరమణ చేశారు. కంపెనీ క్వార్టరు ఖాళీ చేయవలసి వచ్చినప్పుడు, దాచుకున్న సొమ్ముతో మాంగోలో ఇల్లు కొనుక్కున్నారు. డాబా ఎక్కితే ఉత్తరాన దల్మా కొండలు కనిపిస్తాయి. పెరట్లో ఒక జామచెట్టు, రెండు బొప్పాయిలు, నాలుగు మళ్ళ ఆకుకూరలు. ఇల్లాలికి తులసికోట. శేషజీవితానికి ఇంతకంటే ఏం కావాలి?

కావలసినది లేకపోవడం కాదు, అక్కరలేనిది రావడం వారికి కష్టమైంది. కంపెనీ పరిధిలోని వీధుల శుభ్రత వంతెన దాటి రాదు. ఇంటి వెనుక కాలువ, కాలువ గట్టున చెత్తకుప్ప, ఆ కుప్పను ఆశ్రయించి పందికొక్కులు. మొదటి ఏడాది చిలగడదుంపలు పోయాయి. రెండో ఏడాది బియ్యం బస్తాకు చిల్లి పడింది. మూడో ఏడాది వంటింటి గోడలో వేలు పట్టేంత బీట కనిపించింది. ఫోర్‌మన్ గారు గునపంతో పునాది పక్కన తవ్వి చూస్తే అడుగు కింద మట్టి లేదు. అక్కడ సొరంగాలు ఉన్నాయి.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పుకోవాలి. ఆంగ్లేయులు ఈ జంతువుకు పేరు వెతుక్కొని తెలుగువారి దగ్గరే అరువు తెచ్చుకున్నారు. మన ‘పందికొక్కు’ వారి నోట ‘బాండికూట్’ అయింది. తరువాత ఆస్ట్రేలియాలో దీనితో చుట్టరికమే లేని మరో సంచిజీవికి ఆ పేరును తగిలించారు. భాష ప్రపంచానికి ఇచ్చిన మాటల్లో ఇదొకటి అని గర్వపడవచ్చు. కానీ పునాది కింద దాని సంసారం ఉన్నవాడికి ఆ గర్వం ఎంతోసేపు నిలవదు.

బోను పెట్టారు. మొదటి రాత్రి ఒకటి పడింది, ఆ తరువాత ఏదీ ఆ దరిదాపులకు రాలేదు. కొత్త వస్తువును అనుమానించడం ఎలుక జాతికి పుట్టుకతో వచ్చిన విద్య. ఇక మిగిలింది మందు. జింకు ఫాస్ఫైడు అనే నల్లపొడిని పిండిలో కలిపి పెడితే, అది జీర్ణాశయపు ఆమ్లంతో కలిసి విషవాయువు పుట్టిస్తుంది. ఫోర్‌మన్ గారు ఒకసారి పెట్టారు. మూడో రోజున పక్కింటి బెంగాలీ పిల్లల పెంపుడు పిల్లి వారి మెట్ల మీద నురగ కక్కుకొని చచ్చిపడి ఉంది. అది తమ మందు తిన్నదో, మందు తిన్నదాన్ని తిన్నదో ఎవరూ నిరూపించలేదు, ఎవరూ నిలదీయలేదు. కానీ ఆ పిల్లలు పదిహేను రోజులు ఈ గుమ్మం తొక్కలేదు.

“ఏవండీ, గోడ కూలితే కూలనీండి. ఆ మందు మాత్రం మళ్ళీ ఇంట్లోకి తేవద్దు,” అన్నారు ఇల్లాలు.

అలా వచ్చింది తుపాకీ ఆలోచన.

ఒక ఫిట్టరు చూపు

సాక్చి బజారులో దుకాణదారుడు గుర్తింపు కార్డు నకలు తీసుకొని, పుస్తకంలో పేరు రాసుకొని, ఆరు వేల రూపాయలకు కాస్త అటూ ఇటూగా ఒక రైఫిలు అమ్మాడు. లైసెన్సు అక్కరలేదు. 4.5 మిల్లీమీటర్ల గొట్టానికి మించకుండా, 20 జౌళ్ళ శక్తికి లోబడి ఉన్న గాలి తుపాకులకు 2016 ఆయుధాల నియమావళి ఆ మినహాయింపు ఇచ్చింది.

“ఏటి, ఈ వయసులో బందూకా?” అన్నారు ఇల్లాలు అట్టపెట్టె చూసి. కోపం వచ్చినా, నవ్వు వచ్చినా ఆమెకు శ్రీకాకుళం మాటే వస్తుంది.

ఫోర్‌మన్ గారికి మాత్రం ఆ సాయంత్రం పండుగ. నలభై ఏళ్ళ వృత్తి ఆయన వేళ్ళలోకి తిరిగి వచ్చింది. గొట్టాన్ని మధ్యలో విరిచినట్లు కిందికి వంచితే లోపలి పిస్టను వెనక్కి జరిగి, బలమైన స్ప్రింగు ముడుచుకుంటుంది. ట్రిగ్గరు నొక్కగానే స్ప్రింగు విడివడి పిస్టనును ముందుకు తోస్తుంది. దాని ముందున్న కాసింత గాలి ఒక్క లిప్తలో నలిగి, అర గ్రాము బరువున్న సీసపు పెల్లెట్టును గొట్టంలోంచి తరుముతుంది. ఆ పెల్లెట్టు చూడడానికి బుడబుడకలవాని ఢక్కి లాగా నడుము సన్నగా, రెండు కొసలు వెడల్పుగా ఉంటుంది. తుపాకిమందు లేదు, నిప్పు లేదు. “ఇది తుపాకీ కాదు, సైకిలు పంపుకు పెద్దన్న,” అని ఆయన భార్యకు వివరించారు.

చౌక వస్తువు చౌకతనం కూడా ఆయన కంటికి దాగలేదు. చెక్కకు పూసిన వార్నీషు కింద ఆకురాయి గీతలు ఉన్నాయి. రెండు మరలు వదులు. ట్రిగ్గరు ఎంతకీ కదలదు, కదిలితే ఆగదు. మొదటి పది దెబ్బలకు గొట్టంలోంచి పొగ, కాలిన నూనె వాసన వచ్చాయి. తయారీలో పూసిన నూనె, నలిగిన గాలి వేడికి డీజిలు ఇంజనులో లాగా అంటుకుంటోందన్న మాట. ఇంట్లో వాళ్ళు కంగారుపడ్డారు, ఆయన నవ్వుకున్నారు. మరలు బిగించి, నూనె తుడిచి, ఇసుక నింపిన గోనెసంచికి కాగితం అంటించి డాబా మీద సాధన మొదలుపెట్టారు.

నాలుగు రోజుల్లో ఆయన నేర్చుకున్న సంగతులు ఇవి. ఈ రకం తుపాకీ ముందు వెనక్కి, వెంటనే ముందుకు, రెండు వైపులా తన్నుతుంది. కాబట్టి గట్టిగా బిగపట్టినవాడి గురి చెదురుతుంది, అరచేతిలో తేలికగా ఆనించినవాడికే కుదురుతుంది. వంచిన గొట్టాన్ని పెల్లెట్టు పెట్టేటప్పుడు రెండో చేత్తో పట్టుకునే ఉండాలి, జారి మూసుకుంటే వేళ్ళు నలుగుతాయి. పెల్లెట్టు లేకుండా పేల్చితే పిస్టను నేరుగా లోహానికి కొట్టుకొని సీలు చెడుతుంది. సీసం ముట్టిన చేతులు కడుక్కోకుండా అన్నం తినరాదు. పది మీటర్ల దూరాన తన దెబ్బలు ఒక రూపాయి బిళ్ళంత మేరలో పడుతున్నాయని ఆయన సంతోషించారు.

ఒలింపిక్ క్రీడల్లో పది మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీకి పది మార్కుల గురి అర మిల్లీమీటరు చుక్క మాత్రమే. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012లో లండన్‌లో హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం సాధించినది ఆ చుక్క మీదనే. ఫోర్‌మన్ గారి రూపాయి బిళ్ళకూ ఆ చుక్కకూ ఉన్న దూరం ఆయనకు తెలుసు. అయినా పందికొక్కు తల రూపాయి బిళ్ళకంటే పెద్దదే కదా అనుకున్నారు.

కాగితం కదలదు, పందికొక్కు కదులుతుంది. ఈ తేడా ఆయన లెక్కలోకి రాలేదు.

గడప మీద రాత్రి

మళ్ళీ ఆ వైశాఖ రాత్రికి వద్దాం. ఆయన గురి చూశారు, ఊపిరి బిగపట్టారు, ట్రిగ్గరు నొక్కారు. సరిగ్గా ఆ క్షణాన జంతువు తల తిప్పింది. కీచుమన్న ఒక శబ్దం, దాని వెంట మట్టి రాలిన చప్పుడు. టార్చి వేసి చూస్తే మట్టికుప్ప మీద జంతువు లేదు, నాలుగు నెత్తుటి చుక్కలు ఉన్నాయి.

ఆయన పని చేసిన షాపులో ఒక సంతాలీ మిత్రుడు ఉండేవాడు. ఏటా ఎండాకాలంలో దల్మా కొండ మీద ఆదివాసులు జరుపుకునే సేంద్రా వేట పండుగకు చిన్ననాట తండ్రి వెంట వెళ్ళినవాడు. “వేటలో తప్పిపోవడం తప్పు కాదు. గాయపడ్డదాన్ని వదిలి ఇంటికి రావడం తప్పు,” అని అతడు ఒకనాడు భోజనాల వేళ అన్న మాట, ముప్పయ్యేళ్ళ తరువాత, ఆ రాత్రి, ఫోర్‌మన్ గారి చెవిలో వినిపించింది.

ఆయన లుంగీ ఎగగట్టి కాలువ గట్టున వెతకసాగారు. గంట గడిచింది. తూరుపు తెల్లబడుతుండగా, కాలువ రాళ్ళ మధ్య, వెనుక కాళ్ళు ఈడ్చుకుంటూ అది కనిపించింది. పారిపోవడానికి దానికి శక్తి లేదు. తిరిగి పళ్ళు చూపింది. రెండో పెల్లెట్టు పెట్టడానికి ఆయన చేతులు వణికాయి. రెండు పెల్లెట్లు నీళ్ళలో పడిపోయాయి. మూడోది గొట్టంలోకి వెళ్ళింది. రెండు అడుగుల దూరం నుంచి ఆయన దాని బాధ ముగించారు.

ఇంటికి వచ్చేసరికి ఇల్లాలు నిద్ర లేచి ఉన్నారు. ఏమీ అడగలేదు. “నీళ్ళు కాచాను, స్నానం చెయ్యండి,” అన్నారు. ఆ పూట ఆయనకు కాఫీ సహించలేదు.

అలవాటు చిత్రమైనది. మూడు రాత్రుల తరువాత రెండోది ఒకే దెబ్బకు పడిపోయింది. ఈసారి చేతులు వణకలేదు. పొద్దున కాఫీ రుచిగానే ఉంది. పెరటి కిటికీలోంచి తొమ్మిదేళ్ళ మనవడు ఇదంతా చూస్తున్నాడని మాత్రం ఆయన గమనించలేదు. వేసవి సెలవులకు విశాఖపట్నం నుంచి వచ్చిన ఆ పిల్లవాడికి తాతయ్య ఇప్పుడు వీరుడు.

మరునాటి మధ్యాహ్నం జరిగిన దానికి తప్పు ఎవరిదన్న ప్రశ్నే లేదు. ఒక పందికొక్కు పట్టపగలే కాలువ గట్టున కనిపించిందని ఫోర్‌మన్ గారు తుపాకీ వంచి, పెల్లెట్టు పెట్టి, బయటికి వెళ్ళారు. అది మాయమైంది. అంతలో వాకిట్లో గ్యాసు బండి వాడు పిలిచాడు. ఆయన తుపాకీని తలుపు చాటున ఆనించి వెళ్ళారు. ఆ స్ప్రింగును వంచడం తొమ్మిదేళ్ళ చేతుల శక్తికి మించిన పని. కానీ వంచే పని పెద్దలే పూర్తి చేసి పెట్టారు.

డబ్బు చెల్లించి తిరిగి వచ్చేసరికి, పెరటి మెట్టు మీద మోకాలు ఆనించి, అచ్చం తాతయ్య లాగే తేలికగా పట్టుకొని, మనవడు జామచెట్టు వైపు గురి చూస్తున్నాడు. కొమ్మ మీద ఒక చిలుక జామకాయ కొరుకుతోంది. చిలుక వెనుక, అదే వరుసలో, పక్కింటి డాబా. డాబా మీద ఆ బెంగాలీ ఇల్లాలు బట్టలు ఆరవేస్తోంది.

నలభై ఏళ్ళ కర్మాగారపు జీవితం ఆయనకు ఒకటి నేర్పింది. ప్రమాదం దగ్గర అరవకూడదు. అరిస్తే చెయ్యి అదురుతుంది.

“బాబూ,” అన్నారు మెల్లగా, “వేలు బయటికి తియ్యి. ఆ. అలాగే ఉండు.”

వేలు బయటికి వచ్చింది. ఆయన నడిచి వెళ్ళి తుపాకీని నేల వైపు తిప్పి చేతిలోకి తీసుకున్నారు. చిలుక ఎగిరిపోయింది. పిల్లవాడు అప్పుడు అడిగాడు, ఏ భయమూ లేకుండా, తెలుసుకోవాలన్న కోరికతో:

“ఇది కూడా మన కాయలు తినేస్తోంది కదా తాతయ్యా?”

ఫోర్‌మన్ గారి దగ్గర జవాబు లేదు. ఒకసారి వంచిన స్ప్రింగు తుపాకీని పేల్చకుండా దించడం కష్టం. ఆయన ఇసుకసంచి దగ్గరికి వెళ్ళి దాన్ని పేల్చేశారు. తరువాత అక్కడే నేల మీద కూర్చుండిపోయారు.

ఒక పిచ్చుక చెప్పిన పాఠం

ఆ ప్రశ్నకు చట్టం దగ్గర ఒక జవాబు ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చిలుకను చంపడం నేరం. పందికొక్కుకు ఆ రక్షణ లేదు. కానీ పిల్లవాడు అడిగినది చట్టం గురించి కాదు. తినేవాటిలో చావవలసినవి ఏవి, బ్రతకవలసినవి ఏవి, ఆ గీత గీసేది ఎవరు అని అడిగాడు.

ఇటువంటి తుపాకీతోనే ఒక బాలుడు ఒక పిట్టను కొట్టిన కథ మన దేశంలో ప్రసిద్ధమైనది. 1900ల తొలి దశకంలో బొంబాయిలో మేనమామ ఇంట పెరుగుతున్న సలీం అలీ తన బొమ్మ గాలి తుపాకీతో ఒక పిచ్చుకను పడగొట్టాడు. దాని మెడ మీద పసుపు మచ్చ ఉంది. అది ఏ పిట్టో తెలుసుకోవడానికి మేనమామ ఆ బాలుణ్ణి బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి పంపాడు. అక్కడి కార్యదర్శి మిల్లర్డ్ దాని పేరు చెప్పి, సంఘం సేకరించిన పక్షులను చూపించాడు. ఆ బాలుడే తరువాత భారతదేశపు పక్షిశాస్త్రానికి పితామహుడయ్యాడు. 1985లో వెలువడిన ఆయన ఆత్మకథ పేరులో ఉన్నది ఆ పిచ్చుక పతనమే.

ప్రతి తుపాకీ ఒక సలీం అలీని తయారు చేయదు. అరుణాచల్ ప్రదేశ్ కొండల్లో గాలి తుపాకుల దెబ్బకు అడవి పక్షులు తరిగిపోతున్నాయని, 2021లో ప్రభుత్వం వాటిని స్వచ్ఛందంగా అప్పగించమని ఉద్యమం నడిపింది. ఏడాది తిరగకముందే వేయికి పైగా తుపాకులను గ్రామస్థులు తమంత తామే తెచ్చి ఇచ్చారు. ఆ పని వారిచేత చట్టం చేయించలేదు. తమ అడవి మూగపోతోందన్న ఎరుక చేయించింది.

మళ్ళీ గునపం

ఆ రాత్రి భోజనాల దగ్గర ఇల్లాలు ఒకే ఒక మాట అన్నారు. “తుపాకీ కొన్నాక మీరు గోడ వైపు ఒక్కసారైనా చూశారా?”

నిజమే. ఏడు రాత్రులు మేలుకొని ఆయన చంపినవి రెండు. ఆ లోగా బీట అర అంగుళం పెరిగింది. ఆడ పందికొక్కు ఒక్కో ఈతలో అరడజను పిల్లలను కనగలదు. ఆ లెక్కన గడప మీద కూర్చున్న మనిషి ఎన్నటికి గెలుస్తాడు?

మరునాడు ఆయన ఫిట్టరుగా ఆలోచించారు. పంపులో నీరు కారుతుంటే ఒక్కొక్క చుక్కనూ పట్టుకోరు, వాషరు మారుస్తారు. పునాది చుట్టూ ఒకటిన్నర అడుగు లోతున కందకం తవ్వించారు. సొరంగాల్లో గాజుపెంకులు, కంకర దట్టించి సిమెంటు పోశారు. కందకంలో సన్నకన్ను ఇనుప మెష్షును నిలువుగా దింపి, అడుగున బయటి వైపుకు మడిచి మట్టి కప్పారు. బియ్యం రేకు డబ్బాలోకి వెళ్ళింది. కాలువ గట్టు చెత్తకుప్ప విషయం మిగిలింది. దాని కోసం ఆయన, సంకోచిస్తూనే, పక్కింటి తలుపు తట్టారు.

బెంగాలీ ఇంటి యజమాని తలుపు తీశాడు. ఫోర్‌మన్ గారు చెత్త సంగతితో మొదలుపెట్టి, పిల్లి సంగతితో ముగించారు. “మందు పెట్టింది నేనే దాదా,” అన్నారు. మూడేళ్ళుగా చెప్పని మాట. ఆయన కాసేపు ఊరుకొని, “మాకు తెలుసు,” అని, లోపలికి పిలిచి టీ ఇచ్చాడు. ఆ ఆదివారం వీధిలోని ఐదు ఇళ్ళవాళ్ళు కలిసి కుప్ప ఎత్తించారు. పురపాలక సంఘం బండి వారానికి రెండుసార్లు ఆ మలుపు దాకా వచ్చే ఏర్పాటుకు అర్జీ మీద ఐదుగురూ సంతకాలు చేశారు.

కందకానికి, సిమెంటుకు, మెష్షుకు అయిన ఖర్చు తుపాకీ ధరకు రెండింతలు. ఆషాఢం వచ్చి వానలు పడ్డాయి. తులసికోట పక్కన కొత్త మట్టికుప్ప లేవలేదు.

చౌక తుపాకీ గురించి ఇప్పుడు ఎవరైనా అడిగితే ఫోర్‌మన్ గారు నిజాయితీగానే జవాబిస్తారు. ఆరు వేలకు అది చెడ్డ వస్తువు కాదు. మరలు బిగిస్తే, నూనె తుడిస్తే, ఓర్పుగా వాడితే గురి చూడడం నేర్పుతుంది. కానీ ఎలుకల బాధకు మందు అని కొంటే మాత్రం అది తప్పు దుకాణం. ఒకటి రెండు ఉంటే, వెనుక గట్టి గోడ ఉంటే, దగ్గర నుంచి తలకే తగిలేటంత గురి ఉంటే అప్పుడు దాని ఊసు ఎత్తవచ్చు. దాన్ని వంచి ఉంచి పక్కకు వెళ్ళేవాడు, అది ఎంత చౌకదైనా, దాన్ని ఉంచుకోవడానికి తగడు. ఈ చివరి వాక్యం చెప్పేటప్పుడు ఆయన గొంతు కొంచెం తగ్గుతుంది.

తుపాకీ ఇప్పుడు బీరువాలో ఉంది. తాళంచెవి ఇల్లాలి కొంగున ఉంది. మనవడు ఊరికి వెళ్ళే ముందు ఆదివారాలు మాత్రం అది బయటికి వచ్చేది. డాబా మీద ఇసుకసంచి, దానికి కాగితం, వెనుక గోడ. తాతయ్య వంచి ఇస్తారు, మనవడు కాలుస్తాడు, మళ్ళీ చేతులు కడుక్కుంటాడు. చివరి ఆదివారం వాడి ఐదు దెబ్బలూ ఒక వడియమంత మేరలో పడ్డాయి. ఆ కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

కింద జామచెట్టు మీద చిలుక వచ్చి వాలింది. ఇద్దరూ చూశారు.

“తాతయ్యా, దీన్ని ఏం చేద్దాం?”

“చూద్దాం,” అన్నారు ఫోర్‌మన్ గారు. “మనకు ఎన్ని కాయలు మిగులుస్తుందో లెక్కపెట్టు.”

పిల్లవాడు లెక్కపెట్టాడు. ముప్పై నాలుగు.